చేబదులు సీసాలు

మా ఆవిడ హైమవతి కనిపెట్టిన గింజ ఆవగింజలో సగం కూడా ఉండదు. పెళ్లయిన కొత్తలో అలాంటిదొకటి ఎలాగో మా పోపుల డబ్బాలో పడి, ఆ పూట చారు పోపులో వేగిపోయింది. సరిగ్గా పనిచేసిన మొట్టమొదటి గింజ అదేనట. హైమ వారం రోజులు నాతో ముభావంగా ఉంది. చారు మాత్రం బాగుందని నేను నోరు జారడంతో ఆ ముభావం మరో వారం సాగింది.

నేను వాగొడ్డుపల్లి హైస్కూల్లో తెలుగు పంతుల్ని. సైన్సు నాకు ఆమె చెప్పినంత మేరకే తెలుసు. ఆ గింజను మందు సీసా మూతలో పొదుగుతారు. ఇక ఆ సీసాకు నోరు వచ్చినట్టే. తనకు వేడి తగిలితే చెబుతుంది, తను ఏ బండిలో ఏ ఊళ్లో ఉందో చెబుతుంది. దేశంలో తనలాంటి సీసాలన్నిటితో మాట్లాడుకుని, ఏ రోగికి తన అవసరం ఎక్కువో తేల్చుకుని, ఆ వైపు పోయే బండిని తనే పిలుచుకుంటుంది. ఈ మొత్తం ఏర్పాటుకి ధార అని పేరు పెట్టారు.

హనుమకొండ ఊరి చివర ఉన్న వాళ్ల ల్యాబ్‌లో దాన్ని మొదటిసారి బయటివాళ్లకు చూపించిన రోజు నేనూ వెళ్లాను. నైరోబీ నుంచి, ఢాకా నుంచి పెద్దమనుషులు వచ్చారు. హైమ బల్ల మీద వరసగా ఐసు పెట్టెలు పెట్టి, అందులో ఒకదాని ప్లగ్గు పీకేసింది. అందరం దాని చుట్టూ నిలబడ్డాం. ఏమీ జరగలేదు. టీ ఎప్పుడిస్తారా అని నేను తలుపు వైపు చూస్తున్నాను. ఇంతలో గేటు దగ్గర ఆటో ఆగి, మెడలో తువ్వాలతో డ్రైవరు లోపలికి వచ్చాడు.

"మందుల పెట్టె ఉన్నదట గద మేడం, నాకు ఫోనొచ్చింది. జర జల్దియ్యిండ్రి, వేడెక్కుతున్నదట" అన్నాడు.

ఆ ఆటోవాడికి ల్యాబ్‌లో ఎవరూ ఫోన్ చేయలేదు. పెట్టెలోని సీసాలే చేశాయి. ఢాకా నుంచి వచ్చిన ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తమ దేశంలో టీకాలు దారిలోనే ఉడికిపోతాయని, పిల్లలకు వేసేది ఉత్త నీళ్లేనని ఆయన చెప్పాడు. హైమ ఆయన చెయ్యి పట్టుకుంది. ఆ రోజు నా భార్యను చూసి నేను గర్వపడ్డాను.

"మన అసొంటి దేశాలల్ల మందులు లేక కాదు తిప్పలు" అంది ఇంటికి వచ్చే దారిలో. "గోదాముల్ల పురుగులు వడుతయి, ఊర్లల్ల దొరకయి. నడుమ దొంగలు, ఎండలు, గుంతల రోడ్లు. ఆ నడుమ ఉన్నదాన్ని సక్కగ చేస్తే చాలు."

ఇదంతా ఆమె మొదలుపెట్టింది తమ్ముడి కోసం. ఐలేష్‌కి పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బు. చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తం కారుతూనే ఉంటుంది. మోకాళ్లలోకి దిగి దిగి, ముప్పయ్యేళ్లకే అతని నడక ముసలి నడక అయింది. ఫ్యాక్టర్ అనే మందు నరంలోకి ఎక్కిస్తే రక్తం ఆగుతుంది. సమయానికి ఎక్కిస్తే అతనూ అందరిలాంటి మనిషే. ఎక్కించకపోతే చెప్పలేం.

వాళ్ల చిన్నతనంలో ఆ మందు సర్కారు దవాఖానలో ఉన్న రోజు ఉండేది, లేని రోజు లేదు. లేని రోజున వాళ్లమ్మ థర్మాస్‌లో ఐసు ముక్కలు పోసుకుని, అదే జబ్బున్న పిల్లల ఇళ్లకు బయలుదేరేది. ఒక్క సీసా బదులియ్యి చెల్లే, మాకు రాంగనే తెచ్చిస్త అని గడప ముందు నిలబడేది. వెనక హైమ. మనం పంచదార, కాఫీపొడి బదులు తెచ్చుకున్నట్టే ఆ తల్లులు ప్రాణం బదులు తెచ్చుకునేవాళ్లు. ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. ఎవరి దగ్గర ఉంటే వాళ్లు ఇచ్చారు, వచ్చినప్పుడు తిరిగిచ్చారు.

హైమకు ఆ గడపలు మరపుకు రాలేదు. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాళ్లమ్మ అడిగే తీరు గుర్తొస్తే ఇప్పటికీ ఆమె ముఖం ఎర్రబడుతుంది. ఏ తల్లీ ఇంకో తల్లిని అడుక్కునే అవసరమే లేకుండా చెయ్యాలని చదివింది. చేసింది కూడా. ధార వచ్చిన తర్వాత మా జిల్లాలో ఫ్యాక్టర్ అందక పోయిన పిల్లవాడు లేడు. కెన్యాలో, బొలీవియాలో కూడా అదే మాట. నా కోపం నాకు ఉన్నా, ఈ సంగతి చెప్పకపోతే అబద్ధమాడినట్టు అవుతుంది.

ఐలేష్‌కి వాగొడ్డుపల్లి బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపు ఉండేది. మధ్యాహ్నం నేను టిఫిను డబ్బా పట్టుకుని అక్కడికే వెళ్లేవాణ్ణి.

"రా బావా. ఇయ్యాల పిల్లలకు సంధులు చెప్పినవా, సమాసాలు చెప్పినవా? లేక కుర్చీల కునుకు తీసినవా?" అనేవాడు.

"నీ లెక్క పొద్దంత మిషిన్ ముందు కూసొని మంది ఆధార్ కార్డులు చూసుకుంట బతుకుతలేను గద" అనేవాణ్ణి నేను.

షాపులో ఒక చిన్న ఫ్రిజ్ ఉండేది. పైన థమ్సప్ సీసాలు, కింది అరలో ఫ్యాక్టర్ సీసాలు. అవన్నీ అతనివి కావు. చుట్టుపక్కల ఆ జబ్బున్న ఇళ్లవాళ్లు మిగిలినవి తెచ్చి పెట్టేవాళ్లు, కావలసినవాళ్లు తీసుకుపోయేవాళ్లు. వాళ్లమ్మ పోయిన తర్వాత ఆ గడప ఈ షాపుకు మారిందన్నమాట. రెండు వీధుల అవతల ఉండే నస్రీన్ ఎక్కువగా వచ్చేది. ఆమె కొడుకుదీ అదే జబ్బు. ఆమె టైలరింగ్ చేస్తుంది, మాట్లాడేటప్పుడు కూడా నోట్లో గుండుసూది ఉంటుంది.

ఒక ఆదివారం ఐలేష్ మా ఇంట్లో భోజనం చేస్తుండగా హైమ తన ఫోన్‌లో మ్యాపు తెరిచి చూపించింది. జిల్లా అంతా పచ్చగా ఉంది. వాగొడ్డుపల్లి దగ్గర మాత్రం ఎర్రటి చుక్క.

"ఇదేందో ఎరికేనా? లీకేజీ. పేరు ఒకరిది, సీసా పోయేది ఇంకొకరి ఇంటికి. దేశంల ఇసొంటియి ఎన్ని ఉన్నా నాకు బాధ లేకుండె. గిది నువ్వు" అంది.

ఐలేష్ పప్పులో నెయ్యి కలుపుకుంటూ నవ్వాడు. "మంచిగ కనవడుతున్న గదక్క, ఎర్రగ."

"నగుడు కాదు. నీ సీసాలు ఎవ్వలకియ్యకు. వాళ్లకు కావాలంటే ధార పంపుతది."

"పంపుతది. పేరెక్కినోళ్లకు పంపుతది. మొన్న దంతాలపల్లి నుంచి ఒకామె వచ్చింది. పిల్లగానికి ఈ జబ్బున్నదని ఆ పొద్దే తెలిసింది. నీ గింజలకు ఆ పిల్లగాని పేరు తెలిసేదాక వాని మోకాలు ఆగుతదా?"

"పేరు ఎక్కుడు జల్ది చేస్తున్నం. నువ్వు నడుమల ఇస్తే నా లెక్క తప్పుతది తమ్మీ. నీకు ఎంత కావాల్నో దానికి ఎర్క కాదు."

"నాకెంత కావాల్నో నాకే ఎర్క లేదు" అన్నాడతను. "ఇంకింత పప్పెయ్యి."

ఆమె వేసింది. గరిటె గిన్నెకు గట్టిగా తగిలింది.

ఆ ఏడాదే మరో గొడవ వచ్చింది. ఎక్కడో సరిహద్దుల్లో ముఠాలు సీసాలను పెట్టెలకు పెట్టెలు మాయం చేసి పక్క దేశాల్లో అమ్ముకుంటున్నాయి. గింజ అరుస్తూనే ఉంటుంది, దొంగ పట్టుకుపోతూనే ఉంటాడు. దాంతో హైమ గింజకు రెండో విద్య నేర్పింది. సీసాకే సూది ఉంటుంది. సూది నరంలోకి దిగగానే లోపలికి వచ్చే మొదటి రక్తపు చుక్కను గింజ చూస్తుంది. ఎవరి పేరున సీసా వచ్చిందో ఆ మనిషి రక్తమైతే మందు లోపలికి పోతుంది. వేరొకరిదైతే గింజ పగిలి మందు విరిగిపోతుంది, సీసా నీలంగా మారుతుంది. బండిలో ఉన్నంతవరకే ధార సీసా మీది పేరు మార్చగలదు, ఇంటికి చేరాక ఆ పేరే ఖాయం. దొంగిలించి లాభం లేకుండా చేసిందన్నమాట. ముఠాలు నెల తిరగకుండా ఆ వ్యాపారం మానుకున్నాయి.

ఐలేష్ రక్తం చుక్క హైమే స్వయంగా తీసుకుంది.

"దోమకన్న నయమేనక్క" అన్నాడు వాడు వేలు ఒత్తుకుంటూ. "దోమ పేరు యాది పెట్టుకోదు."

నేను నవ్వాను. హైమ నవ్వలేదు. నీలం సంగతి అతనికి అర్థమైందో లేదోనని మళ్లీ చెప్పింది. ఇక ఎవరికి ఇచ్చినా వృథా అవుతుందని, ఇచ్చినవాళ్ల పేరు, వాడినవాళ్ల పేరు దొంగల వరసలో పడతాయని చెప్పింది. అతను తల ఊపాడు. షాపు ఫ్రిజ్ కింది అరలోకి కూడా థమ్సప్ సీసాలు వచ్చాయి.

ధార లెక్క మాత్రం వెనకటిదాన్ని మరచిపోలేదు. ఐలేష్ పేరున వచ్చిన సీసాల్లో సగానికి పైగా ఇతరుల ఇళ్లలో ఖాళీ అయ్యాయని గింజలు ఎప్పుడో చెప్పి ఉన్నాయి. అంటే అతనికి వాటి అవసరం లేదని తేలింది. ఇంటి దగ్గర ఉంచుకునే సీసాలు తగ్గుతూ తగ్గుతూ చివరికి ఒక్కటి రావడం కూడా ఆగిపోయింది. కావలసినప్పుడు పిలిస్తే వస్తుందన్నారు. దవాఖానలోనూ నిల్వ లేదు. నిల్వ ఉంచడమే పాతకాలపు పద్ధతి, పారే నీళ్లను తొట్టిలో పట్టి మురగబెట్టడం ఎందుకని ల్యాబ్‌లో అందరూ అనేవాళ్లు.

నాకు మండింది. ఇంట్లో హైమను అడిగాను. "నీ తమ్మునికి ఒక్క సీసా ఇంట్ల ఉంచుమని రాయరాదు? నువ్వు చేసిందే గద అది."

"రాస్త. రేపు మంత్రి తమ్మునికి కూడ రాయమంటరు. ఎల్లుండి ఎమ్మెల్యే బామ్మర్దికి. ఇంతకు ముందు జరిగిందే గది. మా అమ్మ గడపలు ఎక్కింది ఎందుకనుకున్నరు? ఉన్న సీసాలన్ని తెలిసినోళ్ల ఇండ్లల్లకు పోయేటియి" అంది. "అయినా నేను రాయనీకి తావే లేదు. మనిషి చెయ్యి పెట్టే తలుపు తీసేసిన. నేనే తీసేసిన" అని చేతుల వైపు చూసుకుంది.

ఆమె చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా నేను తప్పని అనలేకపోయాను. అది ఇంకా ఒళ్లు మండించింది. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాను, అదేదో నా అలకతో దేశం మారిపోతుందన్నట్టు.

ఆ శ్రావణంలో వాన మొదలై ఆగలేదు. పొద్దున్నే బడికి సెలవిచ్చి పిల్లలను ఇళ్లకు పంపేశాం. బస్సులు ఆగిపోయాయి కనుక నేను ఐలేష్ షాపుకే వెళ్లాను. రోడ్డు మీది నీళ్లు గుమ్మం దాటి లోపలికి వస్తున్నాయి. అతను జిరాక్సు మిషను కింద ఇటుకలు పెట్టే ప్రయత్నంలో ఉన్నాడు.

"నువ్వు జరుగు, నేను లేపుత" అన్నాను.

"నువ్వు లేపితే మిషిన్ తోని పాటు నిన్ను కూడ రిపేరుకు ఇయ్యాలె బావా" అన్నాడు. ఇద్దరం కలిసి ఎత్తాం. ఇటుక జారింది. అతను వెనక్కి తూలి, సగం దించిన షట్టరు అంచుకు తల కొట్టుకున్నాడు.

దెబ్బ పెద్దది కాదు. పైకి రక్తం కూడా రాలేదు. "ఏం కాలే" అన్నాడు. కాసేపటికి తల నొస్తోందన్నాడు. తర్వాత వాంతి చేసుకున్నాడు. తలకు దెబ్బ తగిలితే ఏమవుతుందో ఆ ఇంటి అల్లుణ్ణి కనుక నాకు బాగా తెలుసు. అతన్ని వెనక గదిలోని మంచం మీద పడుకోబెట్టి ధారకు కబురు పెట్టి, హైమకు ఫోన్ చేశాను.

"చూసిన. బండి ఎల్లింది. మా ల్యాబ్ ముందర నుంచే ఎల్లింది. దాంట్ల ఒక్కటే సీసా ఉన్నది, వానిదే. ఫోన్ పెట్టకుండ్రి" అంది హైమ. ఆమె గొంతులో నిబ్బరం విని నాకు ధైర్యం వచ్చింది. మండలం డాక్టరమ్మ మోకాలి లోతు నీళ్లలో నడిచి వచ్చి చూసింది. ఫ్యాక్టర్ తప్ప తన దగ్గర ఉన్నవి ఏవీ పనికిరావని, కదిలించవద్దని చెప్పి, అక్కడే కూర్చుంది.

హైమ తెర మీద బండిని చూస్తూ నాకు చెబుతోంది. ఊరు దాటింది. చెరువు కట్ట దాటింది. వాగు దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది.

"కల్వర్టు మీదికెంచి నీళ్లు పోతున్నయట. ఆగింది. తగ్గుతయేమో చూస్తున్నది" అంది.

"డ్రోన్లు ఉన్నయి గద?"

"ఈ గాలికి ఎగరయి."

నేను ఐలేష్ కాళ్లు పట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉన్నాయి. మెలకువగానే ఉన్నాడు కానీ మాట ముద్దగా వస్తోంది. ఫోన్‌లో హైమ ఊపిరి వినిపిస్తోంది. అలా ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు.

"బండి తిరిగింది" అంది హైమ.

"ఎటు?"

"ఎనకకు. ఘన్‌పూర్ దిక్కు ఒకాయనకు కడుపుల రక్తం కారుతున్నదట. ఆడికి తొవ్వ ఉన్నది. ఈడికి లేదు. ఈ సీసా పేరు మారింది, ఆయన పేరు వడ్డది."

"ఆపు హైమా."

"ఎట్ల ఆపాలె?" అని అడిగింది నన్ను. ఆ మాట నన్ను అడిగింది. పక్కనే వాళ్ల డైరెక్టరు నరహరి గారి గొంతు, ఎవరికో ఏదో చెప్పడం వినిపించింది. హైమ ఆయన్ని కూడా అదే అడిగింది. ఆపే మార్గం లేకుండా చేసింది మీరే కదమ్మా అన్నాడాయన, చాలా మెల్లగా.

ఆ సమయంలో నస్రీన్ వచ్చింది. నడుము దాకా తడిసి ఉంది. పాల ప్యాకెట్ల కవరులో ఐసు, ఐసులో సీసా.

"మావోనికి ఈ వారం వచ్చింది. పెట్టుండ్రి సార్, జల్ది" అంది.

"నీలం అయితది నస్రీన్. నీ పేరు వోతది" అన్నాను.

"వొయ్యేది పేరే గద. గిన్ని గింజల్ల ఒకటన్న పాడైంది ఉండొచ్చు. యంత్రమే గద సార్, ఎప్పుడన్న తప్పు చెయ్యదా?"

మా అందరికీ అదే ఆశ. ఆ గింజ ఒక్కసారి తప్పు చేస్తే చాలు. డాక్టరమ్మ నా వైపు చూసింది. మా అత్తవారింట్లో సూది వెయ్యడం అందరికీ వచ్చు, నాకూ వచ్చు. నేనే నరం చూసి గుచ్చాను. సన్నటి దారంలా రక్తం సీసాలోకి వచ్చింది. మూత దగ్గర చిన్న చుక్క పుట్టింది. చూస్తుండగానే సీసా అంతా పాకింది. తెల్ల బట్టలకు పెట్టే నీలిమందు రంగు. మందు ముందుకు కదల్లేదు.

నస్రీన్ గోడకు ఆనుకుని కిందికి జారింది. ఫోన్‌లో హైమ, "ఏమైంది, ఏమైంది" అంటోంది. ఐలేష్ ఆ సీసా వైపు చూశాడు. ఫోన్ దగ్గరికి తెమ్మని వేలు కదిపాడు. తెచ్చి చెవి దగ్గర పెట్టాను.

"అక్కా, మంచిగ పనిచేస్తున్నది నీ గింజ" అన్నాడు.

అందులో దెప్పు లేదు. వాడికి దెప్పడం రాదు, ఆటపట్టించడమే వచ్చు. ఆ తర్వాత వాడు మాట్లాడలేదు. పొద్దు వాలేలోపు పోయాడు. వాగు మరునాడు తగ్గింది.

ఘన్‌పూర్ మనిషి బతికాడు. ఆయన ఇద్దరు ఆడపిల్లల తండ్రి అని హైమ తెలుసుకుంది. ఎందుకు తెలుసుకుందో నేను అడగలేదు.

అంత్యక్రియలైన తర్వాత ఆమె ఏడవకుండా ల్యాబ్‌కు వెళ్లింది. నస్రీన్ కొడుకు పేరు దొంగల వరసలో పడింది, విచారణ తేలే వరకు వాడికి సీసాలు ఆగిపోయాయి. ఆ నియమం కూడా హైమ రాసిందే. నరహరి గారి ముందు కూర్చుని, చేబదులు అనేది దొంగతనం కాదని, దాన్ని ధారకు నేర్పుదామని అడిగిందట. ఆయన మంచివాడే. తప్పకుండా నేర్పుదామన్నాడు. ఇచ్చేవాడికీ దొంగకూ తేడా గింజ ఎలా కనిపెట్టాలో చెప్పమన్నాడు. ఇద్దరూ చేసే పని ఒకటే, ఒకరి పేరున ఉన్న సీసా మరొకరి నరంలోకి పోవడం. మనసులో ఏముందో రక్తపు చుక్కలో ఉండదు.

"మొత్తం ఆపేసెయ్యి" అన్నాను నేను, ఇంటికి వచ్చాక. కోపం ఎవరి మీదో తెలియని కోపం.

"ఆపేస్త. ఆపేస్తే వారం తిరగక ముందే ఎంతమంది పోతరో నాకు ఎర్కే. వాళ్లకు కూడ అక్కలుంటరు" అంది. "నేను అడుక్కునుడు ఆపుదామనుకున్న. ఇచ్చుడు ఆగింది" అంది. అప్పుడు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను, అంతకంటే నాకు చేతనైంది లేదు.

నీళ్లు తీసిన తర్వాత వచ్చిన మొదటి బండి ఐలేష్ పేరున రెండు సీసాలు తెచ్చింది. తలలో రక్తస్రావం జరిగిన మనిషి కనుక అతని అవసరం పెరిగిందని ధార లెక్క కట్టింది. ఇంట్లో పోయిన మనిషి చావు దానికి తెలియడానికి ఆలస్యమవుతుంది. సీసాలు తీసుకుని మా ఫ్రిజ్‌లో పెట్టాను. వాటిని తెరవగల రక్తం ఇక ఈ లోకంలో లేదు. హైమ ఆ ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా కాసేపు నిలబడిపోయేది.

దినం నాడు షాపు ముందు షామియానా వేయించాం. ఫ్యాక్టర్ ఇళ్లవాళ్లంతా వచ్చారు. తినడానికి కూర్చున్నారు కానీ ఎవరూ ఎక్కువగా మాట్లాడుకోలేదు. వెనకటి రోజుల్లో వాళ్లు కలిస్తే, మీకొచ్చినయా, మాకు మిగిలినయి అనే మాటలే ఉండేవి. ఇప్పుడు ఎవరికి వచ్చాయో ఎవరూ అడగడం లేదు, ఎవరూ చెప్పడం లేదు. నస్రీన్ ఒక మూల కూర్చుంది. కొడుకు మంచం దిగకుండా చూసుకుంటున్నానని, బడి మాన్పించానని మాత్రం నాతో అంది.

అప్పుడు ఒక మనిషి బండి ఆపి వచ్చాడు. బట్టల నిండా బురద. ఐలేషన్న ఎవరని అడిగాడు. మా ఊర్ల ఒకాయన చెప్పిండు, ఈ షాపు కాడ సీసా బదులు దొరుకుతదట, మా పిల్లగానికి దవడ పన్ను ఊడినకాన్నుంచి రక్తం ఆగుతలేదు, జబ్బు పేరు నిన్ననే చెప్పిన్రు, ఇంక మా పేరు ఎక్కలేదు అని ఒక్క ఊపిరిన చెప్పాడు. షామియానా చూసి కూడా అతనికి అది ఏ సందర్భమో అర్థం కాలేదు.

ఐలేష్ పోయాడని నేను చెప్పాను. అతను అయ్యో అన్నాడు. తర్వాత కూర్చున్నవాళ్ల వైపు తిరిగాడు. ఒక్కొక్కరినీ చూశాడు. ఒక్కొక్కరూ విస్తరి వైపు చూశారు. వాళ్లలో కనీసం నలుగురి ఇళ్లలో సీసాలు ఉన్నాయని నాకు తెలుసు. ఇస్తే పనిచేయవనీ, తమ పిల్లలకు ఆగిపోతాయనీ వాళ్లకు తెలుసు. వాళ్లను తప్పుపట్టే అర్హత ఆ షామియానా కింద ఎవరికీ లేదు, నాకు అసలే లేదు.

నస్రీనే నోరు విప్పింది. "ఇప్పుడు ఎవ్వలది వాళ్లకే అన్నా. బదులు లేదు."

అతను హైమ వైపు వచ్చాడు. ఆమె ఇంటి మనిషని ఎవరో చెప్పి ఉంటారు.

"అమ్మా, అన్న వోయిండు సరే. అన్న సీసాలు ఉంటయి గద? ఒక్కటి బదులియ్యమ్మా. మాకు రాంగనే తెచ్చిస్త" అన్నాడు.

హైమ అతని ముఖంలోకి చూసింది.

"లేవన్నా. ఒక్కటి కూడ లేదు" అంది. "ఈడ ఆగకు. పిల్లగాన్ని తీసుకొని వరంగల్ పెద్ద దవాఖానకు పో, ఆడ పేరు జల్ది ఎక్కిస్తరు, సీసా ఆడికే వస్తది. ఎవ్వల ఇంటికి పోకు, ఎవ్వలను అడుగకు. పో."

ఉన్నాయంటే అతను కదలడు. నీలమవుతుందంటే నమ్మడు. నస్రీన్‌లాగే, నాలాగే, ఒక్కసారి గుచ్చి చూద్దామంటాడు. అక్కడ పిల్లవాడి నోట్లోంచి రక్తం కారుతూనే ఉంటుంది. అందుకే ఆమె లేవంది.

అతను ఆమెకు రెండు చేతులూ జోడించాడు. "ఏమనుకోకుండ్రి అమ్మా. మీరే దుఃఖంల ఉన్నరు, నేనొచ్చి అడిగిన" అని చెప్పి బండి దగ్గరికి పరుగెత్తాడు. అది ఒక్క తన్నుకు స్టార్టు కాలేదు. మళ్లీ మళ్లీ తన్నాడు. స్టార్టయ్యాక వెళ్లిపోయాడు.

హైమ లోపలికి వెళ్లి అన్నం గిన్నె తెచ్చి వడ్డించడం మొదలుపెట్టింది. వద్దని ఎవరూ అనలేదు. పెట్టినంతా తిన్నారు.